షట్టర్ తాళం ఎవరి చేతిలో ఉంటుంది? సొంత వ్యాపారం ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

2015లో గోదావరి పుష్కరాలు జులై 14న మొదలై 25 దాకా జరిగాయి. మా నాన్నగారి కిరాణా కొట్టు కొవ్వూరులో, గోష్పాద రేవుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేది. ఎక్కడెక్కడి నుంచో జనం రైళ్ళెక్కి వచ్చి మునిగి వెళ్ళారు. నాన్న మాత్రం ఆ పన్నెండు రోజుల్లో ఒక్కసారే మునిగారు. అదీ తెల్లవారుజామున మూడున్నరకి, పాల వ్యాన్ వచ్చేలోపు. తడి తువ్వాలు భుజాన అలాగే ఉండగానే వచ్చి షట్టర్ ఎత్తారు. ఆ పన్నెండు రోజుల బేరం మామూలుగా అయితే రెండు నెలలకి జరిగేంత. మా చెల్లి కాలేజీ ఫీజు ఆ డబ్బుతోనే కట్టాం. నాన్నని తప్పు పట్టే అర్హత నాకు లేదు. కానీ "సొంత వ్యాపారం పెట్టుకుంటే ఎవరి మాటా పడక్కర్లేదు, మన టైం మన చేతిలో ఉంటుంది" అని ఎవరైనా అంటే నాకు ముందు ఆ తడి తువ్వాలే గుర్తొస్తుంది.

నేనిప్పుడు రాజమండ్రిలో చిన్న వ్యాపారుల లెక్కలు, జీఎస్టీ రిటర్నులు చూస్తున్నాను. 38 మంది ఉన్నారు. అంతకుముందు హైదరాబాదులో ఉద్యోగం చేశాను, మధ్యలో కూకట్‌పల్లిలో 14 నెలలు కర్రీ పాయింట్ నడిపాను. నెలకి ఇద్దరు ముగ్గురైనా వచ్చి ఒకే మాట అడుగుతారు: "ఉద్యోగం మానేసి ఏదైనా పెడదామనుకుంటున్నానండీ, దేంట్లో బాగా మిగులుతుంది?" కాసేపు కూర్చోబెట్టి మాట్లాడితే అసలు సంగతి బయటికొస్తుంది. పిల్లాడి స్కూల్ ఫంక్షన్‌కి వెళ్ళలేకపోతున్నారు. అమ్మకి డయాలసిస్ ఉంటే సెలవు దొరకడం లేదు. రాత్రి ఇంటికెళ్ళేసరికి అందరూ పడుకుంటున్నారు. వాళ్ళకి కావాల్సింది టైం, అడిగేది మాత్రం లాభం గురించి. లాభం చూసి ఎంచుకున్న వ్యాపారం చాలామందికి ఉద్యోగం కంటే గట్టిగా కాళ్ళకి చుట్టుకోవడం నేను లెక్కల పుస్తకాల్లో చూస్తున్నాను. అందుకే మన ఊళ్ళల్లో మామూలు మనుషులు పెట్టుకోగలిగే కొన్ని వ్యాపారాలని ఇక్కడ ఈ కోణంలోంచి పోల్చి చూస్తున్నాను.

మొదట అడగాల్సిన ప్రశ్న

మీరు వారం రోజులు ఊళ్ళో లేకపోతే షట్టర్ ఎవరు తీస్తారు? ఏ వ్యాపారం గురించి ఆలోచిస్తున్నా ముందు దీనికి జవాబు రాసుకోండి. "మా ఆవిడ చూసుకుంటుంది" అనేది జవాబు కాదు. ఆమె టైం కూడా ఈ ఇంటి టైమే.

రెండో ప్రశ్న డబ్బు గురించి. ఈ రోజు అమ్మిన సరుకు డబ్బు ఈ రోజే చేతికొస్తుందా, నెలకా, ఆర్నెల్లకా? మూడోది చాలామంది అడగనే అడగరు: రెండేళ్ళ తర్వాత ఇది వద్దనుకుంటే ఎంత నష్టంతో బయటికి రాగలను? బయటికి వచ్చే దారి లేని వ్యాపారంలో ఎంత సంపాదించినా గుండె మీద బరువు ఉంటూనే ఉంటుంది.

కిరాణా కొట్టు

దీని గురించి ఎక్కువ చెప్తాను, ఇందులోనే పుట్టి పెరిగాను కాబట్టి.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి అమ్మ నాతో క్యారేజీ పంపేది. నాన్న గల్లా పెట్టె పక్కన స్టూలు మీద పెట్టుకుని, పప్పన్నం కలుపుకుని రెండు ముద్దలు తినేసరికి షాంపూ ప్యాకెట్ కోసం ఓ పిల్ల వచ్చేది. కుడి చెయ్యి ఎంగిలి కాబట్టి ఎడమ చేత్తో ప్యాకెట్ తెంపి ఇచ్చి, డబ్బులు బల్ల మీద పెట్టమనేవారు. మళ్ళీ రెండు ముద్దలు. ఈసారి నూనె కావాలని ఇంకొకరు. అప్పుడు లేచి చెయ్యి కడుక్కోవాల్సిందే. మజ్జిగ దాకా వచ్చేసరికి మూడుసార్లు చెయ్యి కడిగేవారు. పాతికేళ్ళలో ఆయన పగటిపూట ఒక్క విస్తరి ముందు తీరిగ్గా కూర్చుని తిన్నది పెళ్ళిళ్ళలోనే, అవి కూడా కొన్నే.

కొట్టు మీద మిగిలేది ఎంత? ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఉదయం ఐదున్నర నుంచి రాత్రి పది దాకా, మధ్యలో రెండు గంటలు తీసేస్తే రోజుకి పద్నాలుగున్నర గంటలు. నెలకి 435 గంటలు. అద్దె, కరెంటు పోను 40,000 మిగిలిందనుకుంటే గంటకి 92 రూపాయలు. ఇంట్లో ఆవిడ రోజూ మూడు గంటలు కూర్చుంటే ఆ గంటలు కూడా కలపాలి. అప్పుడు గంటకి 76. నెల మొత్తాన్ని చూస్తే బాగానే ఉన్నట్టు కనిపించే సంఖ్య గంటల్లోకి తెచ్చేసరికి చిన్నదైపోతుంది. మీరు ఏ వ్యాపారం అనుకుంటున్నా ఈ భాగాహారం ఒకసారి చేసి చూడండి.

పైగా అరువు. "అరువు రేపు" అని బోర్డు పెట్టినా, ఎదురింటి వాళ్ళకి ఎలా లేదంటారు? మా ఖాతా పుస్తకంలో కొన్ని పేజీలు వాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోయాక కూడా అలాగే ఉండేవి. ఇప్పుడు హైదరాబాదు లాంటి చోట్ల నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లు కూడా వచ్చాయి. నగదు ఇచ్చి కొనేవాళ్ళు అటు పోతే కొట్టుకి మిగిలేది అరువు బేరమే.

కిరాణాకి ఉన్న మంచి గుణాలు కూడా చెప్పాలి. సరుకు చాలావరకు పాడవదు. అవసరమైతే పక్క కొట్టుకి టోకున ఇచ్చేసి పది పదిహేను రోజుల్లో మూసెయ్యొచ్చు. కింద కొట్టు, పైన ఇల్లు అయితే పిల్లలు కళ్ళ ముందు పెరుగుతారు, నేను అలాగే పెరిగాను. సొంత జాగా ఉండి, ఇంట్లో ఇద్దరు వంతులవారీగా కూర్చోగలిగి, వారానికి ఒక పూట షట్టర్ దించుతానని మొదటి నెల నుంచే జనానికి అలవాటు చేసే ధైర్యం ఉంటే పెట్టొచ్చు. అద్దె కట్టి ఒక్కరే కూర్చునే పని అయితే నేను వద్దనే చెప్తాను.

కర్రీ పాయింట్, టిఫిన్ సెంటర్

నగదు వ్యాపారం కావడం దీని బలం. ఉదయం కొన్న కూరగాయల డబ్బు రాత్రికి రొక్కంగా తిరిగొస్తుంది. ఈ ఒక్క మాట విని నేనూ, మా పెద్దమ్మ కొడుకూ కలిసి దిగాం.

ఐదింటికి రైతు బజారు. తొమ్మిదిలోపు కూరలు తరగాలి, పదకొండుకి పొయ్యి మీద నుంచి దించాలి. రెండున్నరకి మధ్యాహ్నం బేరం అయిపోతే గిన్నెలు కడిగించి, మళ్ళీ నాలుగింటికి రాత్రి వంట. తొమ్మిదిన్నరకి కూడా ఎవరో ఒకరు "పప్పు ఉందా అన్నా" అంటూ వస్తారు. సాంబారు ప్యాకెట్‌కి గాలి నింపి, మూతి తిప్పి, రబ్బరు బ్యాండ్ వేసే పని రోజుకి మూడొందల సార్లు చేస్తే చూపుడు వేలు పక్కన చర్మం లేచిపోయేది. అది పెద్ద విషయం కాదు. వంట మాస్టర్ ఫోన్ ఎత్తకపోతే వచ్చే టెన్షన్ మాత్రం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. సంక్రాంతికి ఊరెళ్ళి నాలుగు రోజుల్లో వస్తానన్న మనిషి పదకొండు రోజులు రాలేదు. తాళం నా దగ్గరే ఉంది, కానీ కొట్టు తెరవాలా వద్దా అనేది ఆయన చేతిలో ఉంది.

మా లెక్క ఇదీ. రోజుకి సగటున 9,000 అమ్మకం, నెలకి 2,70,000. సరుకులు, కూరగాయలు, గ్యాస్, కవర్లు కలిపి 1,45,000. అద్దె 28,000. మాస్టర్‌కి 32,000, ఇద్దరు హెల్పర్లకి 30,000. కరెంటు, నీళ్ళు 9,000. మిగిలింది 26,000, మనిషికి 13,000. నేను నా వాటా కోసం 5 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది, ఏడాదికి 24 శాతం. నెలకి 10,000 వడ్డీకే పోయింది. రోజంతా పొయ్యి దగ్గర నిలబడితే నాకు మిగిలింది 3,000.

ఇది అందరికీ ఇలాగే అవుతుందని నేననను. నా దగ్గర లెక్కలు రాయించుకునే ఒకావిడ రాజమండ్రిలో ఉదయం ఆరున్నర నుంచి పదిన్నర దాకా ఇడ్లీ, పెసరట్టు మాత్రమే వేస్తారు. పదిన్నరకి పొయ్యి ఆర్పేస్తారు. పిండి రుబ్బేది, వేసేది ఆవిడే కాబట్టి మాస్టర్ కోసం ఎదురుచూపు లేదు. మధ్యాహ్నం పిల్లలు వచ్చేసరికి ఇంట్లో ఉంటారు. "సాయంత్రం కూడా పెట్టమ్మా" అని అందరూ అంటారట. ఆవిడ పెట్టలేదు. తిండి వ్యాపారంలో స్వేచ్ఛ కావాలంటే దారి ఇదే: ఒక పూట, నాలుగు రకాలు, వంట మీకే వచ్చి ఉండటం. ఈ మూడిట్లో ఒక్కటి లేకపోయినా కర్రీ పాయింట్ జోలికి వెళ్ళకండి. డెలివరీ యాప్‌ల మీద ఆశ పెట్టుకునే ముందు కమీషన్ పోను ఒక్కో ప్యాకెట్‌కి ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి చూసుకోండి.

ఇంటి పచ్చళ్ళు

ఈ మధ్య అందరూ అడుగుతున్నది ఇదే. గోదావరి జిల్లాల్లో దీనికి పాత పేరుంది. పెరవలి మండలం ఉసులుమర్రు పచ్చళ్ళకే పేరుపడ్డ ఊరు. షట్టర్ లేదు, అద్దె లేదు, సరుకు నెలల తరబడి నిలవ ఉంటుంది. వారం రోజులు ఊరెళ్ళినా జాడీలో ఆవకాయ ఎక్కడికీ పోదు. కాగితం మీద ఇంతకంటే స్వేచ్ఛ ఉన్న వ్యాపారం కనపడదు.

కానీ పని అంతా వేసవిలో ఆరు వారాల్లో కుప్పపడుతుంది. కాయ తెచ్చిన రోజే కొట్టాలి. టెంక ఊడిపోకుండా ముక్క కొట్టగలిగే మనిషి దొరకాలి. జీడి తీసి, లోపలి పొర గీకి, ఒక్కో ముక్కనీ పొడిగుడ్డతో తుడవాలి. ఒక్క ముక్క తడిగా పడితే జాడీ జాడీ అంతా బూజు పడుతుంది. మే నెలలో కరెంటు పోయిన గదిలో కూర్చుని వంద కాయల ముక్కలు తుడిచిన వాళ్ళకి తెలుస్తుంది, సీసా మీద రాసే ధరలో ఎంత నడుం నొప్పి ఉందో. ఇంతా చేస్తే కొత్త కారం ధర, నువ్వుల నూనె ధర ఆ ఏడాది ఎలా ఉంటాయో మన చేతిలో లేదు. ఏడాది పెట్టుబడి మొత్తం రెండు నెలల్లో పెట్టి పది నెలలు మెల్లగా రాబట్టుకోవాలి. వడ్డీకి తెచ్చి చేసే పని కాదిది.

కాగితాల విషయం ముందే తెలుసుకోండి. ఆహార భద్రత సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) రిజిస్ట్రేషన్ తీసుకుని, ఆ 14 అంకెల నంబరు సీసా లేబుల్ మీద వెయ్యాలి. ఇంటి నుంచే చేస్తున్నా ఇది తప్పదు. జీఎస్టీలో చాలామంది జారిపడే చోటు ఒకటుంది. సరుకు అమ్మేవాళ్ళకి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా, తెలంగాణలో 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ రాష్ట్రం దాటించి అమ్మితే ఈ పరిమితి పనికిరాదు. రాజమండ్రి నుంచి బెంగళూరుకో, ఆఖరికి హైదరాబాదుకో ఒక్క కిలో పచ్చడి అమ్మినా రిజిస్ట్రేషన్ ఉండాలి. పచ్చళ్ళ బేరం సగం బయటి రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్ళ నుంచే వస్తుంది కాబట్టి మొదటి రోజు నుంచే ఈ ఖర్చు లెక్కలో వేసుకోవాలి. 35 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షలు సబ్సిడీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం, పీఎంఎఫ్ఎంఈ, ఇలాంటి చిన్న ఆహార యూనిట్ల కోసమే 2020లో వచ్చింది. అది ఇప్పుడు అమల్లో ఉందో లేదో జిల్లాలో ఉద్యాన శాఖ వాళ్ళనో, పరిశ్రమల కేంద్రాన్నో అడిగి తెలుసుకోండి.

నాకు ముఖ్యం అనిపించే ఇంకో మాట. పచ్చళ్ళ వ్యాపారంలో చెయ్యి ఆడవాళ్ళది, ఫోనూ బ్యాంకు ఖాతా మగవాళ్ళవి అయిన ఇళ్ళు నేను చాలా చూశాను. అలాంటి చోట ఈ వ్యాపారం ఎవరికి స్వేచ్ఛ ఇస్తోంది? ఆమె పేరు మీద ఖాతా, ఆమె పేరు మీద ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది), ఆర్డర్లు వద్దనే హక్కు కూడా ఆమెదే. ఈ మూడూ ముందు కుదిరాకే మిగతావి మాట్లాడుకోవాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి పైసా ఖర్చు లేదు, ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో అయిపోతుంది. దానికి డబ్బులడిగేవాళ్ళు కనిపిస్తే పక్కకి జరగండి.

చేతి పని, చదువు మీద నడిచే సేవలు

లెక్కలు, ట్యూషన్, ఏసీ రిపేరు, మగ్గం వర్క్, డిజైనింగ్, ఇంటి ప్లాన్లు, అనువాదం. వీటిలో పెట్టే పెట్టుబడి తక్కువ, మూసెయ్యాల్సొస్తే పోయేది ఏమీ ఉండదు. సేవలకి రెండు రాష్ట్రాల్లోనూ 20 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, బయటి రాష్ట్రం వాళ్ళకి చేసినా ఈ పరిమితి వర్తిస్తుంది. పచ్చళ్ళకీ దీనికీ ఉన్న తేడా చూశారు కదా.

నా సంగతే చెప్తాను. 38 మంది, సగటున నెలకి 1,500 చొప్పున 57,000. అసిస్టెంట్ అమ్మాయికి 14,000, గది అద్దె 6,000, సాఫ్ట్‌వేర్, నెట్ కలిపి 3,000. మిగిలేది 34,000. నెలలో మొదటి 20 రోజులు రోజుకి తొమ్మిది గంటలు పని. 11కి ఒక రిటర్ను, 20కి ఇంకో రిటర్ను. ఆ రోజుల్లో పెళ్ళికి పిలిచినా వెళ్ళను, మా చుట్టాలకి అలవాటైపోయింది. 21 నుంచి నెలాఖరు దాకా మాత్రం రోజుకి రెండు మూడు గంటలు చాలు. గంటకి 170 దాకా పడుతుంది, కిరాణా ఉదాహరణలో ఒక్కరికి పడ్డ 92కి దగ్గర దగ్గర రెట్టింపు. అమ్మని కంటి ఆపరేషన్‌కి తీసుకెళ్ళింది 22న, డాక్టరుగారు ఇచ్చిన తేదీని నేను మార్పించుకున్నాను. స్వేచ్ఛ అంటే నాకు ఇప్పుడు ఇంతే అర్థమవుతోంది: ఏ రోజులు నావో నాకు ముందే తెలియడం.

ఇందులో ఉన్న ప్రమాదం డబ్బు ఆలస్యం. పని ఇవాళ, డబ్బు "చూద్దాం సార్". నాకు ఒక కాంట్రాక్టరు దగ్గర 26,000 ఏడాదిన్నర ఇరుక్కుపోయింది. తర్వాత తెలిసొచ్చింది ఏమిటంటే, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారులకి, సేవలు ఇచ్చేవాళ్ళకి కొన్నవాళ్ళు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చట్టం చెప్తోంది. అడ్వాన్స్ తీసుకోవడం ఇంకా మంచిది. నేను ఇప్పుడు మూడు నెలల ఫీజు ముందే అడుగుతాను, ఇవ్వనన్నవాళ్ళలో కొందరు పోయారు, నిద్ర మాత్రం బాగా పడుతోంది.

ఇంకో జాగ్రత్త. మీ ఆదాయంలో సగం ఒక్కరి దగ్గర్నుంచే వస్తుంటే అది సొంత వ్యాపారం కాదు, పీఎఫ్ లేని ఉద్యోగం. ఎవరి వాటా అయినా నూటికి పాతికకి మించకుండా చూసుకోండి.

టెంట్ హౌస్

దీన్ని నేను కావాలనే ఈ పోలికలో పెట్టాను, ఎందుకంటే ఎవరూ దీన్ని స్వేచ్ఛ దృష్టితో చూడరు. షామియానాలు, కుర్చీలు, గుండిగలు, గరిటెలు, లైటింగ్. ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి అద్దె తెచ్చే సరుకు. ఈ వ్యాపారానికి పంచాంగమే క్యాలెండర్. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం వస్తే ఊపిరాడదు. ఆషాఢం, పుష్యం శూన్యమాసాలు, మూఢం వస్తే అసలు ముహూర్తాలే ఉండవు. నిడదవోలు వైపు ఉండే మా క్లయింట్ ఒకాయన ఏటా ఆషాఢంలో ఇంటిల్లిపాదినీ తీసుకుని యాత్రలకి వెళ్తారు. వచ్చే ఏడాది ఆషాఢం ఎప్పుడో ఈ ఏడాదే తెలుసు, టిక్కెట్లు ముందే కొనుక్కుంటారు. ఇంత ముందుగా సెలవు తెలిసే ఉద్యోగం కూడా అరుదే.

అయితే చావు కబురుకి ముహూర్తం ఉండదు. రాత్రి రెండింటికి ఫోన్ వస్తే టెంటూ కుర్చీలూ పంపాల్సిందే. అందుకే ఆయన తన దగ్గర ఎనిమిదేళ్ళుగా ఉన్న కుర్రాడికి గోడౌన్ తాళం ఇంకోటి చేయించి ఇచ్చారు, ఆ వచ్చిన డబ్బులో వాటా కూడా ఇచ్చారు. తాళం రెండో మనిషికి ఇవ్వగలిగిన రోజునే ఆయన వ్యాపారం ఆయనకి టైం ఇవ్వడం మొదలుపెట్టింది. లోపం పెట్టుబడి: మొదట్లోనే లక్షలు పొయ్యాలి, గోడౌన్ కావాలి, తిరిగి వచ్చిన కుర్చీల్లో విరిగినవి ఎన్నో లెక్కపెట్టే ఓపిక కావాలి. కొత్తవాళ్ళు ముందు రెండు సీజన్లు వంట పాత్రలు మాత్రమే పెట్టి చూస్తే మంచిది.

ఫ్రాంచైజీ

పేరున్న కంపెనీ బోర్డు పెట్టుకుని మనం నడిపే కొట్టు ఇది. దీని గురించి నేను చెప్పేది తక్కువ. ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి, ఎవరి దగ్గర సరుకు కొనాలి, ఏ ధరకి అమ్మాలి అన్నీ ఆ కంపెనీ వాళ్ళే చెప్తారు. అమ్మకం మీద వాళ్ళకి రాయల్టీ కట్టాలి, నష్టం మాత్రం మీది. డబ్బు ఉండి, మేనేజర్‌ని పెట్టగలిగి, ఇది నా పెట్టుబడి అనుకునేవాళ్ళకి సరే. ఉద్యోగంలో బాసు వద్దనుకుని వచ్చేవాళ్ళు మాత్రం సంతకం పెట్టే ముందు అగ్రిమెంట్‌లో లాక్-ఇన్ (మధ్యలో మానడానికి వీల్లేని గడువు) ఎన్నేళ్ళో, మధ్యలో మానేస్తే డిపాజిట్ తిరిగి వస్తుందో లేదో తెలుగులో చదివించుకుని అర్థం చేసుకోండి.

ఎవరికి ఏది

ఐదేళ్ళలోపు పిల్లలున్నవాళ్ళకి పొయ్యి వ్యాపారం, షట్టర్ వ్యాపారం రెండూ కష్టమే. సేవలు మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకోవడం మేలు. ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్ళు ఉంటే ఇల్లు కదలక్కర్లేని పని చూసుకోండి, పచ్చళ్ళు గానీ, కుట్టు గానీ, ట్యూషన్ గానీ. రిటైరై, సొంత జాగా ఉండి, నలుగురితో మాట్లాడుతూ రోజు గడవాలనుకునేవాళ్ళకి చిన్న కిరాణా నిజంగా బాగుంటుంది. అక్కడ గంటకి ఎంత అనే లెక్క అంత అవసరం లేదు. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో తిరిగొచ్చి చేతిలో పెద్ద మొత్తం ఉన్నవాళ్ళు ఏడాది దాకా ఏమీ పెట్టకుండా ఊళ్ళో తిరిగి చూడమని నా మాట. డబ్బున్న మనిషి వచ్చాడని తెలిస్తే పార్టనర్లు వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

ఉద్యోగంలోనే ఉండటం కూడా ఒక ఎంపికే. సాయంత్రం ఐదున్నరకి ఇంటికి చేరే ఉద్యోగం, పండగ సెలవులు, పీఎఫ్ ఉన్నవాళ్ళు చాలామంది వ్యాపారుల కంటే స్వేచ్ఛగా ఉన్నారు. అలాంటివాళ్ళు విసుగుతో వస్తే నేను వెనక్కి పంపించేస్తాను. విసుగు పోవడానికి శని, ఆదివారాల్లో చేసే చిన్న పని చాలు.

అప్పు విషయం మళ్ళీ చెప్తాను, నా ఒళ్ళు కాలింది అక్కడే. ముద్ర లోన్‌లో మొదటి మెట్టు శిశు, 50,000 దాకా, తాకట్టు అడగరు. డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్ళకి బ్యాంకు లింకేజీ, అంటే సంఘం ద్వారా బ్యాంకు అప్పు, దొరుకుతుంది. వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్ళేముందు ఈ రెండు గుమ్మాలూ ఎక్కండి. అక్కడ దొరికినంతలో ఏది మొదలవుతుందో అదే మొదలుపెట్టండి. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా బ్యాంకులో లేకుండా ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంత పాలసీ ముందే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు, ఆ మేరకి కొంత తగ్గుతుంది.

అడ్వాన్స్ ఇచ్చే ముందు చివరగా ఒక పని చెయ్యండి. మీరు పెట్టాలనుకున్న వ్యాపారమే చేస్తున్న మనిషిని, మీ ఊళ్ళో కాకుండా పక్క ఊళ్ళో, ఒకరిని పట్టుకోండి. జీతం అడక్కుండా పది రోజులు షట్టర్ తీసే దగ్గర్నుంచి దించేదాకా అక్కడే ఉండండి. ఆ పదిలో ఒక ఆదివారం, వీలైతే ఒక పండగ ఉండేలా చూసుకోండి. అన్నం అక్కడే తినండి, మధ్యలో ఎన్నిసార్లు చెయ్యి కడుక్కుని లేచారో లెక్కపెట్టుకోండి. ఇంటికొచ్చి ఆ సంఖ్య ఇంట్లోవాళ్ళకి చెప్పి, అప్పుడు వాళ్ళతో కూర్చుని మాట్లాడండి.